ఉద్యోగ నియామకం: ముందుచూపు, రోజువారీ పని

కంపెనీలు మనుషుల్ని తీసుకోవడంలో రెండు పనులున్నాయి. ఎలాంటివాళ్లు, ఎంతమంది, ఎప్పటికి కావాలో ముందే తేల్చుకోవడం నియామక విధానం. ప్రకటన ఇచ్చి, దరఖాస్తులు వడగట్టి, ఇంటర్వ్యూ చేసి చేర్చుకోవడం రోజువారీ నియామకం.

పల్నాటి రైతుకి ఇది కొత్తేమీ కాదు. ఎన్నెకరాల్లో మిరప వెయ్యాలి, కోతలనాటికి కూలీలు దొరుకుతారా అని నారు పొయ్యకముందే లెక్క చూసుకోవడం మొదటిది. కోతలప్పుడు మేస్త్రీ ఇంటికెళ్లి ఇరవైమందిని కుదుర్చుకోవడం రెండోది. మొదటి లెక్క తప్పితే మేస్త్రీ ఎంత సమర్థుడైనా లాభం లేదు.

మన నాగార్జునసాగర్‌నే చూడండి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ప్రధాన ఆనకట్టను కాంక్రీటుతో కాక రాతికట్టడంగా నిర్మించాలని నిర్ణయించారు. దాంతో ఎలాంటి మనుషులు కావాలో తేలిపోయింది: రాళ్లు కొట్టే, మోసే, పేర్చే వేలాదిమంది. వాళ్లను కూడగట్టడం ఆ తర్వాతి పని. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు.

దీనికి విరుద్ధంగా, 2022లో కొన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీలు నియామక పత్రాలిచ్చి, చేరే తేదీని నెలల తరబడి వాయిదా వేశాయి. ఎంపిక చురుగ్గానే సాగింది. పని ఎంత ఉంటుందన్న అంచనాయే తప్పింది. చేతిలో కాగితం ఉందని ఇంట్లో అప్పుకి వడ్డీ ఆగదు కదా!

కనుక మిత్రులారా, ఇంటర్వ్యూలో జీతం ఒక్కటే అడగొద్దు. “మమ్మల్ని ఏ పనికి తీసుకుంటున్నారు? ఎప్పుడు చేర్చుకుంటారు?” అని కూడా మర్యాదగా అడగండి. సమాధానం ఉన్న కంపెనీకి ముందుచూపు ఉన్నట్టే.