కొత్త చూపు

మోటారు సైకిలును చిత్రించవలసి వచ్చినప్పుడు యువ చిత్రకారుని చేయి తనకు తెలియకుండానే మెరిసే ట్యాంకును, ఎగసే ధూళిని, గాలికి రేగిన జుట్టును గీస్తుంది. అవి అతడు చూసినవి కావు. వాణిజ్య ప్రకటనలు అతనికి చూపినవి. మరి కొత్తదనం ఎక్కడ లభిస్తుంది?

ఈ ప్రశ్న ప్రాచీనమైనదే. తొమ్మిదవ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’ చతుర్థోద్యోతంలో దీనిని చర్చించాడు. ఒక రచన మరొకదానిని పోలి ఉండడం మూడు విధాలని ఆయన నిర్ణయం: అద్దంలో ప్రతిబింబం వలె, చిత్తరువు వలె, ఒకే పోలిక గల ఇద్దరు మనుషుల వలె. మొదటి రెండూ త్యాజ్యాలు. మూడవది గ్రాహ్యం, ఏలనగా అక్కడ రూపం కలిసినా ప్రాణం వేరు. వస్తువు పాతదైనంత మాత్రాన దోషం లేదు. దానికి సొంత ప్రాణం ఉండాలి.

మన చిత్రకళలో ఇందుకు చక్కని నిదర్శనం సూర్యప్రకాశ్ (1940–2019). ఖమ్మం జిల్లా మధిరలో జన్మించిన ఆయన, వాహనమంటే వేగమని లోకం భావిస్తున్న కాలంలో, తుప్పుపట్టి మూలపడిన కార్ల తుక్కును చిత్రించి ప్రసిద్ధి పొందాడు. అందరూ చూసి వదలివేసిన దానిని ఆయన నిలిచి చూశాడు.

ఆ చూపుతో భువనగిరికి వస్తే విషయం వెదకనక్కరలేదు. త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మోస్తున్న కోట సుమారు 500 అడుగుల ఏకశిలపై ఉంది. ఆ కొండ చుట్టుపట్ల పల్లెల్లో తెల్లవారుజామున గీత కార్మికుడు మోకు, ముస్తాదు బండికి కట్టుకొని తాటివనానికి బయలుదేరుతాడు. అతడు చెట్టెక్కిన పిమ్మట బండి మొదట్లో ఒంటరిగా నిలుస్తుంది. పైన ఒక ప్రాణం మోకు మీద ఆధారపడి ఉంది. కింద బండి అతని కోసం, ఇంట్లో కుటుంబం ఆ బండి చప్పుడు కోసం ఎదురుచూస్తున్నాయి. ఈ చిత్రంలో వేగం లేదు, మనిషి ముఖమైనా కనిపించదు. అయినా చూసేవాని దృష్టి చెట్టు పైకి పోక మానదు.

వేగాన్నే చిత్రించదలచినా మార్గం ఈ జిల్లాలోనే ఉంది. పోచంపల్లి చిటికి నేతలో నూలును నేయకముందే కట్టి రంగులద్దుతారు. అందుచేత బొమ్మల అంచులు మెత్తగా చెదిరినట్లుంటాయి. పరుగెత్తే చక్రపు అంచు కూడా కంటికి అలాగే తోస్తుంది. అయితే చీరలోని బొమ్మను తెచ్చి చక్రానికి అతికిస్తే అది మరల చిత్తరువే అవుతుంది. ఆ చెదరిన అంచు ఎందుకు ఏర్పడుతుందో మగ్గం దగ్గర కూర్చుని తెలుసుకున్నవానికే అది సొంతమవుతుంది.

భావం ఆకాశం నుండి ఊడిపడదు. ఇతరుల చూపును పక్కన పెట్టి, తన వీధిని తాను చూడగలిగినవానికి అది ఇంటి ముందే నిలిచి ఉంటుంది.

ప్రశ్నలు
1. ఆనందవర్ధనుడు చెప్పిన మూడు పోలికలను వివరించండి.
2. మీ ఊరిలో ఒక వాహనాన్ని పరిశీలించి, దానిపై ఆధారపడిన జీవితాన్ని పది వాక్యాలలో వర్ణించండి.