పై ఫ్లోర్ అంకుల్‌కి ఫుల్ బాటిల్

సమస్య

మేము కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. నా వయసు 34. మూడు నెలల క్రితం మావారు ఆఫీసు పని మీద లండన్‌లో ఉండగా, అర్ధరాత్రి నాన్నకి గుండెల్లో నొప్పి వచ్చింది. పై ఫ్లోర్ అంకుల్ లుంగీ మీదే పరుగెత్తుకొచ్చి, తన కార్లో ఆసుపత్రికి తీసుకెళ్లారు. స్టెంట్ వేసి ఇంటికి పంపేదాకా మూడు రోజులూ ఇన్సూరెన్స్ కౌంటర్ దగ్గర నిలబడింది ఆయనే. ఆంటీ రెండు పూటలా క్యారియర్ పంపారు. పెట్రోలు డబ్బులు ఇవ్వబోతే అంకుల్ కోప్పడ్డారు. స్వీట్లు ఇద్దామంటే ఆయనకి షుగరు.

అంకుల్ శనివారం సాయంత్రం బాల్కనీలో కూర్చుని, సోడా కలుపుకుని రెండు పెగ్గులు తీసుకుంటారని మా బ్లాకులో అందరికీ తెలుసు. వచ్చే నెల మావారు దుబాయ్ మీదుగా వస్తున్నారు. “మంచి విస్కీ ఒకటి పట్టుకొస్తా, సరిపోతుంది” అంటున్నారు. ఆయన తాగరు, నాకు ఆ లేబుళ్లు చూస్తేనే తికమక. ఆఫీసులో ఒకరు 18 ఏళ్లది కొనమంటారు, ఒకరు పొగ వాసన వచ్చేదే అసలైనదంటారు, ఇంకొకరు మన దేశపుదే ఇవ్వమంటారు. ఐదారు వేల దాకా పెట్టగలం. అమ్మేమో “ప్రాణం నిలబెట్టిన మనిషి చేతిలో మందు సీసా పెడతావా?” అని నాతో మాట్లాడ్డమే తగ్గించేసింది. అమ్మది నెల్లూరు జిల్లా. ఏ సీసా కొనాలి? ఎలా ఇవ్వాలి? అసలు ఇవ్వొచ్చా?

– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సలహా

ఈ ఉత్తరమంతా అంకుల్ చుట్టూనే తిరిగింది. ఆంటీకి దక్కింది ఒకే ఒక్క వాక్యం, క్యారియర్ పంపారని. ఈ సమస్యలో సగం ముడులు విప్పగలిగింది మాత్రం ఆవిడే.

మొదటి ముడి షుగరు. స్వీట్లు పనికిరావు కాబట్టి సీసా అనుకున్నారు ఈ పాఠకురాలు. విస్కీలో చక్కెర ఉండదన్నది నిజమే. అయితే మందు లోపలికి వెళ్లగానే కాలేయం దాన్ని వదిలించుకునే పనిలో పడి, రక్తంలోకి గ్లూకోజు వదలడం తగ్గిస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి దీనివల్ల చక్కెర బాగా పడిపోవచ్చు. ఖాళీ కడుపుతో తాగితే ముప్పు ఇంకా ఎక్కువ. ఒక్కోసారి తాగిన కొన్ని గంటలకి, నిద్రలో పడిపోతుంది. తూలడం, మాట తడబడటం, చెమటలు పట్టడం చూసి ఇంట్లోవాళ్లు మత్తే అనుకుని వదిలేస్తారు. కాబట్టి అంకుల్ ఏ మందులు వాడుతున్నారో, డాక్టరు ఏమన్నారో తెలియకుండా ఆయన చేతిలో సీసా పెట్టడం సరికాదు. పైగా బాల్కనీ సంగతి బ్లాకంతటికీ తెలుసన్నది పాత వార్త కావచ్చు. కింది ఇంటాయనకి స్టెంట్ పడటం కళ్లారా చూసి, మూడు నెలలుగా ఆయన మానేసి ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇవన్నీ ఆంటీని అడగొచ్చు. గుచ్చిగుచ్చి అడగనక్కర్లేదు. “ఆంటీ, మావారు అంకుల్‌కి ఒక బాటిల్ తెస్తానంటున్నారు, మీకేమీ అభ్యంతరం లేదు కదా?” అంటే చాలు. ఆవిడ మొహం చూస్తేనే సగం జవాబు తెలిసిపోతుంది. ఆవిడ తటపటాయిస్తే ఆలోచన అక్కడితో ఆపేయాలి. అదే డబ్బుతో ఆ బాల్కనీకి మంచి వాలుకుర్చీ వస్తుంది. నవ్వి “తెమ్మను” అంటే మాత్రం రెండో ప్రశ్న వెయ్యాలి: ఇంట్లో మామూలుగా ఉండే సీసా ఏది?

రెండో ముడి అమ్మ. నెల్లూరు జిల్లా అన్న రెండు మాటల వెనక పెద్ద కథే ఉంది. 1992లో ఆ జిల్లాలోని దూబగుంటలో, అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ కదలిక ఊరూరా పాకి సారా వేలంపాటలను అడ్డుకుంది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చాయి. రెండోది 1997లో సడలిపోయింది. ఆ రోజులు చూసిన తరానికి సీసా అంటే కూలి డబ్బులు ఖాళీ అయిన జేబు, దెబ్బలు తిన్న ఇల్లు గుర్తొస్తాయి. అది స్కాచ్ అనీ ఖరీదైనదనీ నచ్చజెబితే ఆ జ్ఞాపకం చెరిగిపోదు. ఆవిడని ఒప్పించాల్సిన పని కూడా లేదు. సీసా సంగతి అల్లుడికి వదిలేసి, ఆంటీకి ఇచ్చే చీర అమ్మ చేత ఎంపిక చేయించాలి. పసుపు కుంకుమలతో ఆ చీర ఆవిడే తీసుకెళ్లి ఇస్తే మూడు రోజుల క్యారియర్‌కి కృతజ్ఞత చెప్పినట్టూ అవుతుంది, ఆవిడ పట్టుదలకి గౌరవం ఇచ్చినట్టూ అవుతుంది.

ఇక ఏ సీసా అన్నది. ఉత్తరంలో దీనికి పనికొచ్చే ఆధారం ఒక్కటే, అది సోడా. పెగ్గులో సోడా పోసుకునే మనిషికి తేలిగ్గా, చల్లగా దిగేది నచ్చుతుంది. ఆ సోడాని దృష్టిలో పెట్టుకుని ఆఫీసువాళ్ల మూడు సలహాలనూ చూస్తే తేడా తెలుస్తుంది.

18 ఏళ్లది. స్కాచ్ అనిపించుకోవాలంటే స్కాట్లాండ్‌లోనే తయారై, ఓక్ చెక్క పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉండాలి. లేబుల్ మీద 12 అనో 18 అనో ఉంటే, అందులో కలిపిన వాటిలో అన్నిటికంటే చిన్న వయసుది అన్నేళ్లదని అర్థం. అక్కడి చల్లని గోదాముల్లో పీపాలోంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని దేవతల వాటా అంటారు. ఏళ్లు గడిచేకొద్దీ పీపాలో మిగిలేది తగ్గుతుంది, ధర పెరుగుతుంది. ఆ ఖరీదంతా సన్నని పరిమళాల కోసం పెట్టేది. సోడా పోశాక అందులో చాలావరకు పోతుంది. ఇంకో చిక్కు, పెట్రోలు డబ్బులకే కోప్పడ్డ మనిషి ఆ ధర చూస్తే ఇబ్బంది పడతారు. సీసాలోకి ఎక్కాక విస్కీకి వయసు పెరగదు కాబట్టి, దాచుకుంటే ఇంకా బాగుంటుందన్న మాటలోనూ పస లేదు.

పొగ వాసనది. స్కాట్లాండ్ పడమటి తీరాన ఐలా అనే దీవి ఉంది. అక్కడి లాఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్, లాగవూలిన్ పొగకి పేరుమోసినవి. మొలకెత్తిన బార్లీని పీట్ అనే బురదనేల మట్టిగడ్డలు కాల్చిన పొగలో ఆరబెడతారు. ఆ పొగే గ్లాసు దాకా వస్తుంది. దానికి ప్రాణం పెట్టేవాళ్లున్నారు, ఆసుపత్రి వాసన అని మొహం చిట్లించేవాళ్లూ ఉన్నారు. మూడు రోజులు ఆసుపత్రిలోనే గడిపిన మనిషికి అడక్కుండా ఇచ్చే సరుకు కాదది.

మన దేశపుది. ఈ సలహా తీసిపారేయదగ్గది కాదు, కాకపోతే లేబుల్ చూసి కొనాలి. ఇక్కడ వైన్స్‌లో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో ఎక్కువ భాగం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌తో చేసిందే. ఐరోపాలో దాన్ని విస్కీ పేరుతో అమ్మనివ్వరు. సింగిల్ మాల్ట్ అని రాసి ఉన్నవి వేరు, అవి ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసేవి. బెంగళూరు అమృత్ తన సింగిల్ మాల్ట్‌ను 2004లో ఏకంగా గ్లాస్గోలోనే విడుదల చేసింది. అదే కంపెనీ చేసే అమృత్ ఫ్యూజన్‌ను విమర్శకుడు జిమ్ ముర్రే తన 2010 విస్కీ బైబిల్‌లో ప్రపంచంలో మూడో స్థానంలో నిలబెట్టాడు. బెంగళూరు ఎండకి దేవతల వాటా ఏటా 10 శాతం దాటుతుంది. చెక్క రుచి కూడా అంతే వేగంగా దిగుతుంది కాబట్టి నాలుగైదేళ్లకే అది తయారైపోతుంది. వయసు అంకె లేదని దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. అయితే ఫ్యూజన్‌లో ఆల్కహాల్ 50 శాతం, కాస్త పొగ కూడా ఉంటుంది. గోవా పాల్ జాన్ బ్రిలియన్స్‌లో పొగ లేదు, 46 శాతం.

కాబట్టి ఆంటీ చెప్పే పేరే దారి చూపాలి. ఆయన మామూలుగా తాగేదానికి ఒక్క మెట్టు పైన ఉన్నది కొంటే చాలు. ఇంట్లో మామూలు సీసాయే ఉంటే జానీ వాకర్ బ్లాక్ లేబుల్ గానీ షీవాస్ రీగల్ గానీ, రెండూ 12 ఏళ్ల బ్లెండెడ్ స్కాచ్‌లే, సోడాతో చక్కగా కుదురుతాయి. బ్లాక్ లేబుల్‌లో లేత పొగ ఉంటుంది. మూడుసార్లు స్వేదనం చేసి మెత్తగా తీసే ఐరిష్ జేమ్సన్ కూడా సోడాకి పనికొస్తుంది. ఆ రెండు స్కాచ్‌లలో ఏదో ఒకటి ఇప్పటికే ఇంట్లో ఉందంటే గ్లెన్‌లివెట్ లేదా గ్లెన్‌ఫిడ్డిక్ 12 ఏళ్ల సింగిల్ మాల్ట్. కొత్తవి రుచి చూడటం సరదా అని ఆంటీ చెబితే అప్పుడు పాల్ జాన్, అమృత్.

తెచ్చేదగ్గర కొన్ని జాగ్రత్తలున్నాయి. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగల మద్యం 2 లీటర్లు. లీటరు సీసాలైతే రెండు వస్తాయి. బ్రిటన్ దుకాణాల్లో దొరికే 700 మిల్లీలీటర్లవి మూడు సర్దితే 100 మిల్లీలీటర్లు ఎక్కువై లెక్క తప్పుతుంది. లండన్ ఎయిర్‌పోర్టులో కొంటే సీలు వేసిన సంచీ, అందులోని బిల్లు హైదరాబాద్ దాకా విప్పకూడదు. దుబాయ్‌లో మళ్లీ తనిఖీ ఉంటుంది. ఊళ్లో ముందే కొంటే బట్టల మధ్య చుట్టి చెకిన్ పెట్టెలో పెట్టాలి. కుదరక ఇక్కడే కొనాల్సి వస్తే లైసెన్సున్న షాపులో, ఎక్సైజ్ హోలోగ్రామ్ చూసి, బిల్లుతో కొనాలి. ‘ఎయిర్‌పోర్ట్ సరుకు, సగం ధరకే’ అనే తెలిసినవాళ్ల జోలికి పోవద్దు. ఖాళీ స్కాచ్ సీసాల్లో చవక మందు నింపి అమ్మే ముఠాలు నగరంలో చాలాసార్లు పట్టుబడ్డాయి. గోవా నుంచి తెప్పించిన సీసాకి ఇక్కడ సుంకం కట్టి ఉండదు కాబట్టి అది కూడా కేసే.

ఇవ్వడం సులువు. నల్ల కవర్లో దాచి లిఫ్టు దగ్గర చేతిలో పెట్టకూడదు, అలాగని అపార్ట్‌మెంట్ మీటింగులో అందరి ముందూ ఇవ్వకూడదు. భార్యాభర్తలిద్దరూ పైకెళ్లి, ఆంటీ కూడా ఉన్నప్పుడు, ఒక కాగితం ముక్కతో కలిపి ఇవ్వాలి. ఆ కాగితం మీద ఆ రాత్రి తారీఖు, నాన్న చేతి సంతకం ఉంటే చాలు. తర్వాత వచ్చే ఆదివారం ఇద్దరినీ భోజనానికి పిలవాలి. ఈసారి వంట కింది ఇంటిది, తిరిగి పైకి వెళ్లేటప్పుడు క్యారియర్ ఆంటీ చేతిలో ఉండాలి. ఆ సీసా ఎప్పుడు తెరుస్తారన్నది అంకుల్ ఇష్టం. ఒకవేళ ఆ ఆదివారమే తెరిచి, మూడు నెలల కిందట స్టెంట్ పడ్డ నాన్న వైపు కూడా ఒక గ్లాసు జరపబోతే, అందులో మజ్జిగ పోసే బాధ్యత అమ్మకి అప్పజెప్పొచ్చు.