బాతుల బొమ్మలు చూసి కొనకు

సురేష్,

తుపాకీ లైసెన్సు చేతికొచ్చిందనీ, దుకాణంలో పాత ఇంగ్లీషు డబుల్ బ్యారెల్ ఒకటి చూసి మనసు పారేసుకున్నావనీ మీ నాన్న చెప్పాడు. ఫొటో చూశాను. పక్క పలకల మీద బాతులు, తీగలు బాగానే చెక్కాడు. పేలాల్సింది బాతులు కాదు కదరా!

నీ వయసులో నేనూ అలాంటి చెక్కడాలు చూసే కొన్నాను. వేరుశనగ చేలో పందుల్ని బెదరగొడదామని ఒక రాత్రి ఒక ట్రిగ్గర్ నొక్కితే రెండు గొట్టాలూ ఒకేసారి పేలాయి. లోపలి కొక్కెం అరిగిపోయి, మొదటి దెబ్బ అదురుకే రెండోది జారింది. వారం రోజులు నా భుజం వంకాయ రంగులో ఉంది. మీ పెద్దమ్మ ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుని నవ్వుతుంది.

మొదట తూటాలు లేవని నీ కళ్లతో చూసుకో, అమ్మేవాడు ఒట్టేసినా సరే. ముందువైపు చెక్క తీయించి, గొట్టాలు మూసి ఊపు. టకటకమంటే కీలు అరిగినట్టు. పైనున్న మీట సంగతి చూడు. కొత్త తుపాకీలో అది కాస్త కుడిపక్కన ఆగుతుంది, వాడేకొద్దీ నడుమకి జరిగి, బాగా అరిగితే ఎడమకి దాటుతుంది. తర్వాత గొట్టాలు ఊడదీసి, అడుగున కొక్కెం దగ్గర వేలికి తగిలించి, గోటితో మీటు. గుడిగంటలా మోగాలి. జర్రుమందంటే రెంటినీ కలిపే పట్టీ అతుకు వదిలిందన్నమాట.

గొట్టాల కింద ఆవగింజంత ముద్రలుంటాయి, భూతద్దం తీసుకెళ్లు. ఇప్పటి తూటాలకి పరీక్షించారని చెప్పే నైట్రో ప్రూఫ్ ముద్ర లేకపోతే అది గోడకి తగిలించుకోవడానికే. పాతకాలపు నల్ల తుపాకిమందుకని చేసిన గొట్టంలో ఇప్పటి తూటా పెడితే ప్రాణం మీదికొస్తుంది. తూటా గది పొడవు కూడా అడుగు. పాత ఇంగ్లీషు పన్నెండు బోరువాటిలో చాలావాటికి అది 65 మిల్లీమీటర్లే. 70 తూటా అందులో దూరుతుంది, అదే చిక్కు. పేలినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది.

డొక్కు తనే ఎగిరిపడే ఎజెక్టర్ కోసం ఎక్కువ పెట్టకు. వన్యప్రాణి చట్టం ఉండగా, గబగబా మళ్లీ నింపుకోవడానికి మనకి పక్షుల వేట ఎక్కడిది? వేలితో తీసుకునేదైతే చెడిపోయే సామానూ తక్కువ.

కళ్లు మూసుకుని భుజానికెత్తి, తెరువు. చూపు తిన్నగా పట్టీ మీదుగా పోతే అది నీ తుపాకీ. వెనక చెక్క అరంగుళం పొడవైతే కోయించుకోవచ్చు.

నేను తర్వాత కొన్న సర్కారు ఫ్యాక్టరీది చూడ్డానికి దుడ్డుకర్ర. ఎన్నికలొచ్చినప్పుడల్లా స్టేషన్లో డిపాజిట్ చేసి, నెలల తర్వాత తుప్పుతో ఇంటికి తెచ్చుకుంటాను. నూనెగుడ్డతో తుడిస్తే మళ్లీ టక్కున మూసుకుంటుంది.

డబ్బు కట్టేముందు ఫోన్ చెయ్యి. గొట్టాలు మీటి ఆ చప్పుడు నాకు వినిపించు.

మీ పెదనాన్న