0.1 తేడాతో పోయిన రికార్డు

2020 జనవరి. కర్ణాటకలోని మూడబిద్రిలో యూనివర్సిటీల మీట్. విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38, 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరు మీదే ఉంది. బద్దలైనట్టే కదా? కాలేదు. ఆ మీట్‌లో జ్యోతికి డోప్ టెస్ట్ చేయలేదు కాబట్టి రికార్డుగా ఒప్పుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో మళ్లీ 13.09. ఈసారి వెనకనుంచి వీచిన గాలి వేగం సెకనుకు 2.1 మీటర్లు. రూల్ ప్రకారం 2.0 దాటకూడదు. అదీ పోయింది.

కటాఫ్‌కి అర మార్కు దూరంలో ఆగిపోయినవాళ్లకి, పేపర్ లీకై రాసిన పరీక్షే రద్దయినవాళ్లకి ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

కష్టపడితే ఫలితం దానంతటదే వస్తుందని పిల్లలకు చెబుతుంటాం. ఆ మాట నమ్మి, మొదటి దెబ్బకే పుస్తకాలు అటకెక్కించినవాళ్లు ఎందరో. ఇక కష్టంతో పాటు తరచూ వినిపించే ‘యాటిట్యూడ్’ సంగతి. మనవాళ్ల నోట ఆ మాటకి పొగరనే అర్థం. గ్రౌండ్‌లో మాత్రం, ఓడిన మర్నాడు ఎన్నింటికి ప్రాక్టీస్‌కి వచ్చారన్నదే యాటిట్యూడ్.

అక్కడ కష్టం ఎలా ఉంటుందో చూడండి. పది హర్డిల్స్, ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు. మధ్య దూరం 8.5 మీటర్లు. అందులో సరిగ్గా మూడడుగులే వేయాలి. నాలుగోది పడిందా, ముందు దాటాల్సిన కాలు మారిపోయి లయ తప్పుతుంది. గాల్లో ఉన్నంతసేపూ వేగం తగ్గుతూనే ఉంటుంది కాబట్టి ముందుకాలు వెంటనే నేలకు దిగాలి. వెనక కాలిని పక్కకు మడిచి, మోకాలిని చంక దాకా లాగి ముందుకు తేవాలి. ఈ ఒక్క కదలికనే గోడ పట్టుకుని, నడుస్తూ, మళ్లీ మళ్లీ చేయిస్తారు. చూసేవాళ్లకి పరమ విసుగు.

కోజికోడ్ తర్వాత కొద్ది వారాలకే, మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో జ్యోతి 13.23తో జాతీయ రికార్డు అందుకుంది. కొట్టిపారేసిన రెండు టైమింగ్‌ల కన్నా ఇది ఎక్కువే! అయినా లెక్కలోకి వచ్చింది ఇదే. అదే ఏడాది అక్టోబర్‌లో 12.82తో, అధికారికంగా 13 సెకన్ల లోపు పరిగెత్తిన తొలి భారతీయురాలైంది.

తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పని చేసేది. ఈ పేదరికం కథ చెప్పుకోవడం మనకి ఇష్టం. కానీ పేదరికం ఎవర్నీ పరిగెత్తించదు. జ్యోతి పొడుగు చూసి హర్డిల్స్‌కి పంపిన బడి పీఈటీ, హైదరాబాద్‌లోని స్పోర్ట్స్ అథారిటీ (సాయ్) హాస్టల్, గుంటూరు శిక్షణ కేంద్రం, భువనేశ్వర్‌లో కోచ్ జేమ్స్ హిల్లియర్... ఇన్ని కలిశాయి. కష్టపడే చోటు వెతుక్కోవడం కూడా కష్టంలో భాగమే.

ఇంకో ఘటన. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో పక్క లేన్‌లోని చైనా అమ్మాయి వూ యాన్ని తుపాకీ పేలకముందే కదిలింది. అధికారులు జ్యోతిని కూడా తప్పుకోమన్నారు. ఆమె కదల్లేదు. రీప్లే చూపించమని వాదించింది, చివరికి ఇద్దర్నీ పరిగెత్తనిచ్చారు. 12.91తో మూడో స్థానం. తర్వాత వూపై వేటు పడి అది రజతమైంది. పెద్దలకు ఎదురు చెప్పకపోవడమే వినయమని పెరిగినవాళ్లం మనం. రూల్ తెలిసి మాట్లాడటం పొగరు కాదు.

ఆటల్లో ఉన్న పిల్లలకు ఒక మాట. మీట్‌కి పేరిచ్చే ముందే దానికి ఫెడరేషన్ గుర్తింపు ఉందో లేదో అడగండి. స్పోర్ట్స్ కోటా ఉద్యోగాల్లో దాన్నీ చూస్తారు. ఇంట్లో ఉన్న సర్టిఫికెట్లు ఈ రోజే తీసి, ఏది ఏ స్థాయి పోటీదో, ఎవరు సంతకం పెట్టారో ఒకసారి చూసుకోండి.