పుండు మాన్పెడి పోగు

మానేరు ఒడ్డున నున్న సిరిసిల్ల నేతకు పేరొందిన పట్టణము. నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో అచ్చట మా వీధిని ఒక వృద్ధ నేతగాడు నివసించుచుండెను. ఆయనకు మధుమేహము కలదు. ఒకనాడు ఆయన అరికాలిలో ముల్లు గ్రుచ్చుకొనెను. నొప్పి తెలియలేదు. వారము దినముల పిమ్మట మగ్గపు గుంటలో చీము మరకను మనుమరాలు చూచెను. అప్పటికే పుండు లోతునకు పాకినది. వైద్యులు రెండు వ్రేళ్ళను తొలగింపవలసి వచ్చెను. “పంతులుగారూ! పడుగులో ఒక్క పోగు తెగినను నా కన్ను పట్టును. నా కాలికి తగిలిన గాయము మాత్రము నాకే తెలియకపోయినది” అని ఆయన నాతో పలికెను.

ఇట్లేల జరుగును? రక్తములో చక్కెర చిరకాలము మితిమీరి యున్నచో నరములు మొద్దుబారును. నొప్పి యను కావలివాడు నిద్రించును. రక్తనాళములు ఇరుకగుటచే గాయమునకు రక్తము చాలదు. తెల్లకణములు నీరసించును. క్రిములు జిగురుపొర కట్టుకొని దాని చాటున దాగును. మ్రింగిన మందు రక్తము చాలని చోటికి తగినంత చేరదు. ఆరిన గుడ్డకట్టు పుండునకు అంటుకొని, విప్పినపుడు క్రొత్త చర్మమును చీల్చును.

కావున కట్టే మందు కావలెనని శాస్త్రజ్ఞులు తలచిరి. అందులకు వారెన్నుకొన్న సాధనము పోగే. ద్రావణమును సన్నని సూదిగుండ పంపి, వేలకొలది వోల్టుల విద్యుత్తుచే లాగుదురు. ద్రావకము ఆవిరి కాగా, మిగిలిన పదార్థము పోగై సాగి, పలుచని పొరగా పేరుకొనును. దీనికి పడుగు లేదు, పేక లేదు. ఇట్టి పద్ధతికి ఆంటన్ ఫార్మ్‌హల్స్ 1934లో అమెరికాలో పేటెంటు పొందెను. మిల్లీమీటరులో పదిలక్షలవ భాగము నానోమీటరు. తలవెండ్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఈ నానోపోగు మందము తరచుగా కొన్ని వందలు మాత్రమే.

జెలటిన్, రొయ్యల పెంకులనుండి తీసెడి కైటోసాన్, పాలీలాక్టిక్ ఆమ్లము మున్నగు వానితో చేసిన పోగులు శరీరములో క్రమముగా కరగిపోవును. ముందే మందు కలిపి పోగు తీసినచో, అది కొద్దికొద్దిగా గాయమునకే అందును. పొరలోని రంధ్రములగుండ గాలియాడును. పందిరిపై తీగవలె క్రొత్త కణములు పోగులపై అల్లుకొనును.

జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో పండెడి పసుపునందు కర్కుమిన్ అను పదార్థము కలదు. దానిని కూడ నానోపోగులలో నింపి ప్రయోగశాలలలో పరీక్షించుచున్నారు. ఐ.ఐ.టి. హైదరాబాదు పరిశోధకులు ఆంఫోటెరిసిన్‌-బి అను మందును జెలటిన్ నానోపోగులలో నింపి, కాలా అజార్ వ్యాధికై మాత్రలను రూపొందించిరి. అవి గాయపు కట్టులు కాకున్నను, మందును పోగులో దాచి మెల్లగా విడుచు సూత్రమొక్కటే.

అయినను మందు నింపిన ఇట్టి కట్టులలో పెక్కు ఇంకను పరిశోధన దశయందే యున్నవి. పసుపులో గుణము కలదని వంటింటి పసుపును మధుమేహ రోగి పుండుపై అద్దరాదు. ఆనాడే వైద్యునికి చూపవలెను. ఎంత మంచి కట్టైనను కంటబడని గాయమును మాన్పజాలదు. తెగిన పోగును వెంటనే చూచి అతికినపుడే వస్త్రము నిలుచును. మీ ఇంట మధుమేహముతో నున్న పెద్దలుందురేని, ఈ రాత్రియే వారి అరికాళ్ళను, వ్రేళ్ళ సందులను దీపపు వెలుగున చూడుడు.