ఒంటికాలి కుస్తీవీరుడు

కుస్తీ అంటే మనకు తెలుసు. జాతరల్లో చూస్తాం. కుస్తీ పట్టాలంటే కాళ్ళు నేల మీద గట్టిగా ఆనాలి. మరి ఒక్క కాలే ఉన్న మనిషి కుస్తీ పట్టగలడా?

పట్టాడు. గెలిచాడు కూడా. అతని పేరు ఆంథొనీ రోబుల్స్. వాళ్ళది అమెరికా దేశం.

ఆంథొనీ 1988లో పుట్టాడు. పుట్టుకతోనే కుడికాలు లేదు. అప్పటికి తల్లి జూడీ వయసు 16 ఏళ్ళే. బిడ్డకు కాలు లేదని ఆమె ఇంట్లో దాచిపెట్టలేదు. అందరి పిల్లల్లాగే ఆడనిచ్చింది. కట్టుడు కాలు పెట్టిస్తే మూడేళ్ళప్పుడే పిల్లవాడు అది తీసేశాడు. చంకకర్రల మీదే తిరిగాడు.

14వ ఏట కుస్తీ మొదలుపెట్టాడు. ఆరిజోనా రాష్ట్రంలోని మేసా పట్నంలో హైస్కూలు చదువు. మొదటి ఏడాది గెలిచిన వాటికంటే ఓడినవే ఎక్కువ. అయినా మానలేదు. రోజూ సాధన చేశాడు. హైస్కూలు చివరి రెండేళ్ళలో 96 కుస్తీలు పట్టాడు. 96 గెలిచాడు!

ఇది ఎలా సాధ్యమయింది? కుస్తీలో ఒకే బరువు ఉన్నవాళ్ళను జత కలుపుతారు. ఎదుటివాడి బరువులో కొంత రెండు కాళ్ళకు పోతుంది. ఆంథొనీ బలమంతా ఛాతీలో, చేతుల్లో ఉంది. చంకకర్రలు పట్టీ పట్టీ అతని పిడికిలి ఇనుములా తయారయింది. నేలకు దగ్గరగా వంగి ఉంటాడు. ఎదుటివాడు కాలు లాగి పడేద్దామంటే దొరికేది ఒక్కటే కాలు. లోపం అనుకున్నదే బలమయింది.

అయినా కుస్తీకి పేరుమోసిన కాలేజీలు అతన్ని పిలవలేదు. ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ చేర్చుకుంది. అతను కాలేజీలో ఉండగా ఇంట్లో కష్టాలు వచ్చాయి. మారుతండ్రి ఇల్లు విడిచి వెళ్ళాడు. ఉన్న ఇల్లు చేజారింది. పిల్లల తిండి కోసం జూడీ తన రక్తం అమ్ముకుంది. చదువు మానేసి ఇంటికి వస్తానన్నాడు ఆంథొనీ. తల్లి ఒప్పుకోలేదు. చదువూ వదలొద్దు, కుస్తీ వదలొద్దు అంది.

2011 మార్చి నెల. ఫిలడెల్ఫియా నగరం. అమెరికా కాలేజీల కుస్తీ పోటీలు. ఆంథొనీ 125 పౌన్ల తరగతిలో, అంటే సుమారు 57 కిలోల తరగతిలో దిగాడు. ఫైనల్లో అంతకుముందు ఏడాది విజేతను 7-1 తేడాతో ఓడించాడు. ఆ ఏడాది పట్టిన 36 కుస్తీల్లో ఒక్కటీ ఓడలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ జనంలో జూడీ కూడా ఉంది.

ఆ తరువాత ఆంథొనీ పోటీలు మానాడు. సభల్లో మాట్లాడి అందరికీ ధైర్యం చెప్పే పని చేపట్టాడు. 2024లో ఈ తల్లీకొడుకుల కథ సినిమాగా వచ్చింది.

చూశారా! కొడుకు బరిలో గెలిచాడు. తల్లి ఇంట్లో గెలిచింది.

చెప్పండి:
1. ఒక్క కాలు ఉండటం ఆంథొనీకి ఎలా కలిసివచ్చింది?
2. కొడుకు ఇంటికి వస్తానంటే జూడీ ఎందుకు వద్దంది? మీరైతే ఏం చేస్తారు?
3. మీ వాడలో వికలాంగ పిల్లలు ఉన్నారా? వాళ్ళు బడికి పోతున్నారా? ఆడుకుంటున్నారా?