మొక్కలు నాటే చదువు కాదిది

మొన్న బేగంపేటలో మా కౌన్సెలింగ్ ఆఫీసుకు ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆమె ర్యాంకుకు కన్వీనర్ కోటాలో కెమికల్ ఇంజినీరింగ్ వస్తోంది, తనకూ అదే ఇష్టం. ‘అప్పు చేసైనా మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ కొంటామండీ’ అన్నారాయన. పర్యావరణం వైపు వెళ్తానని అమ్మాయి అంటే, ‘మొక్కలు నాటడానికి నాలుగేళ్లు చదవాలా?’ అని కసిరారు. ఆ పిల్ల మళ్లీ నోరెత్తలేదు. ఇష్టంతో వచ్చిన పిల్లను పరాయివాళ్ల ముందు అలా కసరడం నేను సహించలేను.

ఆమె అడిగిన పని వేరు. కొత్త టెక్నాలజీ ఇంకా ల్యాబ్‌లో ఉండగానే, రేపు అది ఫ్యాక్టరీ అయితే ఎంత నీరు, కరెంటు, నేల మింగుతుందో, ఎంత వ్యర్థం వదులుతుందో ముడిసరుకు నుంచి పారేసేదాకా లెక్కకట్టడం. దీన్ని లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్ అంటారు. మార్చడం తేలికైన రోజుల్లో వివరాలు దొరకవు, వివరాలు తెలిసేసరికి మార్చడం కష్టమవుతుంది. 1980లోనే డేవిడ్ కాలింగ్‌రిడ్జ్ ఎత్తిచూపిన చిక్కు ఇది.

జట్రోఫాను గుర్తు చేసుకోండి. మన ఊళ్లలో అడవి ఆముదం అంటాం. బంజరులో, నీళ్లు లేకున్నా నూనె పండుతుందన్న నమ్మకంతో 2003లో ప్రణాళికా సంఘం కమిటీ జాతీయ బయోడీజిల్ మిషన్‌ను సిఫార్సు చేసింది. 2011-12కల్లా డీజిల్‌లో 20 శాతం బయోడీజిల్ కలపాలన్నది ఆశ. నీళ్లూ ఎరువూ లేనిచోట కాపు రాలేదు. నమ్మి మొక్కలు వేసిన రైతుల ఏళ్లు వృథా అయ్యాయి. ముందే గట్టిగా లెక్కకట్టి ఉంటే ఆ నష్టం తగ్గేది.

పక్కనే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో తార్నాక ఐఐసీటీ టెక్నాలజీతో పెట్టిన బయోగ్యాస్ ప్లాంటు ఉంది. రోజుకు 10 టన్నుల వ్యర్థంతో 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల గ్యాస్ అని దాని లెక్క. సరుకు తగ్గిన రోజు ఏంటి? మీథేన్ లీకైతే? వందేళ్ల లెక్కలో దాని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు దాదాపు 28 రెట్లు. ఈ ప్రశ్నలు వేయాలంటే రియాక్టర్ లోపల ఏం జరుగుతుందో తెలియాలి. అందుకే నా ఓటు కెమికల్‌కు, కెమిస్ట్రీకి, వ్యవసాయ ఇంజినీరింగ్‌కు.

ఆరు వారాల్లో ‘సస్టైనబిలిటీ ఎక్స్‌పర్ట్’ సర్టిఫికెట్, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అనే ప్రకటనలకు డబ్బు కట్టకండి. సాఫ్ట్‌వేర్ వాడటం నేర్పుతారు, లోపలికి వెళ్లిన సరుకును బయటికొచ్చిన దానితో సరిచూసే మెటీరియల్ బ్యాలెన్స్ నేర్పరు. ఓపెన్‌ఎల్‌సీఏ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఒక మాట దాచను: ఈ రంగంలో ఉద్యోగాలు ఇంకా తక్కువ, మొదటి జీతం సాఫ్ట్‌వేర్ అంత ఉండకపోవచ్చు, పీజీ దాదాపు తప్పనిసరి. కానీ గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. సీఎస్‌ఈ సీటు కోసం చేసే అప్పుతో మిగిలేది వడ్డీ భారమే.

ఇంజినీరింగ్‌కు అర్హత: ఇంటర్ ఎంపీసీ, ఆపై ఎప్‌సెట్. గేట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ పేపర్ 2021 నుంచి ఉంది.

ఆ తండ్రిని ఒకటే అడిగాను. ఒక రోజు తెల్లవారుజామున అమ్మాయిని బోయిన్‌పల్లి మార్కెట్‌కు తీసుకెళ్లండి. లోపలికి ఎన్ని లారీలు వచ్చాయో, సాయంత్రానికి ఎంత కుళ్లిందో, అది ఎటు పోయిందో నోట్‌బుక్‌లో రాయనివ్వండి. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఆ నోట్‌బుక్ తీసుకుని ఇద్దరూ రండి.